తొమ్మిదో రాయి

ఊరి చివర గుట్ట మీద వరసగా పన్నెండు రాళ్ళున్నాయి. నడుమెత్తున, వంకరటింకరగా, ఎప్పుడో ఎవరో పాతిన హద్దురాళ్ళు. దారిన పోయేవాళ్ళు చెప్పులో ఇసుక దులుపుకోవడానికి వాటిని ఆనుకుంటారు. గుట్ట కింద ఉన్న విశ్వవిద్యాలయం వాళ్ళకు మాత్రం ఆ రాళ్ళే లోకం. పుర్రెకో బుద్ధి అంటారు కదా, అక్కడ శాఖకో బుద్ధి.

భూగర్భశాస్త్రం ఆయన రాతి రంగును బట్టి వాటికి అక్షరాలు పెట్టుకున్నాడు. చీమల మీద పరిశోధన చేసే ఆవిడ లెక్కలో అసలు రాళ్ళు ఏడే. మిగతా అయిదింటి కింద పుట్టల్లేవు కాబట్టి ఆమె దృష్టిలో అవి లేనట్టే. జానపద కథలు పోగుచేసే అతను ఊళ్ళో ముసలమ్మలు చెప్పిన పేర్లే రాసుకున్నాడు: అలిగిన కోడలు, అబద్ధపు సాక్షి, నడుం నొప్పి. శాసనాలు చదివే శాఖవాళ్ళు తూర్పున మెట్ల దగ్గర మొదలుపెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టారు. వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన పాచి మేష్టారు పడమటి కొస నుంచి లెక్కపెట్టారు. సాయంత్రపు ఎండ అటునుంచి పడుతుంది, ఆయనకు కావలసింది ఎండ. వీళ్ళంతా టీ గదిలో ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఒకే రాళ్ళ గురించి, ఒకరి లెక్క ఒకరికి పట్టకుండా ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నారు. అందరూ చదువుకున్నవాళ్ళే కదా, అన్ని లెక్కలూ కలిపి ఒక కాగితం మీద రాసుకుందామని ఒక్కరికీ తోచలేదు.

పాచి మేష్టారు అన్నది విద్యార్థులు పెట్టిన పేరు. ఆయన చూసేది పాచి కాదు. రాతిపువ్వు. రాయిని కరుచుకుని బతికే బూడిదరంగు పొర అది, గుండ్రంగా, పళ్ళెంలా పరుచుకుంటుంది. నత్త దాన్ని చూసి నవ్వుకోవచ్చు, అంత నెమ్మదిగా పెరుగుతుంది. తొమ్మిదో రాయి మీద ఉన్నది జానకు కాస్త తక్కువ వెడల్పు. దాన్ని ఆయన ముప్ఫై నాలుగేళ్ళుగా, ఏటా ఒకే తేదీన, ఒకే వేళకు కొలుస్తున్నారు. పల్చటి పారదర్శక కాగితం దాని మీద పరిచి, అంచు వెంట సన్నని కలంతో గీత గీస్తారు. ఏడాదికొక కాగితం. ముప్ఫై నాలుగు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి ఎదురుగా పట్టుకుంటే గీతలన్నీ కలిసి చిటికెన వేలి వెడల్పు కూడా ఉండవు. ఒక మనిషి నడివయసు నుంచి ముసలితనం దాకా వచ్చిన దూరం అంతే.

ఆ వేగాన్ని బట్టి ఆయన ఒక లెక్క వేశారు. రాతిపువ్వు వయసు మూడువందల ఎనభై ఏళ్ళు, అంటే రాయిని పాతిందీ ఇంచుమించు అప్పుడే. లెక్క సరైనదని తేలితే, రాతలేని ఏ రాయి వయసైనా ఏ గోడ వయసైనా దాని మీది మచ్చను కొలిచి చెప్పేయొచ్చు. కానీ తేలాలంటే ఆ రాయి అసలు వయసు తెలియాలి. రాయి మీద శాసనం ఉంది, చివరి వరసలో సంవత్సరమూ ఉంది. ఆ వరస మీదే రాతిపువ్వు కూర్చుంది. చదవాలంటే దాన్ని గీకెయ్యాలి. గీకేస్తే ఇక కొలవడానికేముంది? అందుకని ఆయన నోటుపుస్తకంలో "నా అంచనా" అన్న గడి నిండి, దాని పక్కన "నిజం" అన్న గడి ముప్ఫై నాలుగేళ్ళుగా ఖాళీగా ఉండిపోయింది. ఆ గడి నిండేదాకా ఒక్క అక్షరం అచ్చుకివ్వనని ఆయన పట్టు. తోటివాళ్ళు రెండేళ్ళకో పుస్తకం వేసుకుని పెద్ద కుర్చీలెక్కారు. ఆయన మాత్రం పాచి మేష్టారుగానే రిటైరయ్యారు.

ఇంత వివరంగా చెప్పడం ఎందుకంటే, శాసనాల శాఖలో పనిచేస్తున్నది ఆయన కూతురే.

ఆ ఇంట్లో రెండు బల్లలుండేవి. తండ్రిది కిటికీ పక్కన, కూతురిది గోడ పక్కన. నీ రాతలు అడ్డం, నీ పాచి అడ్డం అని భోజనాల దగ్గర ఇద్దరూ దెప్పుకునేవాళ్ళు. తల్లి బతికున్న రోజుల్లో ఆవిడే న్యాయాధికారి. "ఆ రాయికి నోరుంటే మీ ఇద్దర్నీ దిగిపొమ్మనేది" అని తీర్పు చెప్పేది. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. తీర్పులు లేకపోయేసరికి దెప్పుకోవడం కూడా తగ్గిపోయింది.

ఆ ఏడు శాసనాల శాఖకు గుట్ట మీది రాళ్ళన్నిటికీ అచ్చులు తీసే పని వచ్చింది. అచ్చు అంటే, రాయిని బ్రష్షుతో శుభ్రంగా కడిగి, తడికాగితం పరిచి, అది అక్షరాల గుంటల్లోకి దిగేలా కొట్టి, పైన సిరా అద్దుతారు. కాగితం నల్లబడి అక్షరాలు తెల్లగా తేలతాయి. పని ఒప్పుకునే ముందే కూతురు తండ్రికి మాటిచ్చింది.

"నీ తొమ్మిదో రాయి మీద చెయ్యి పడదు నాన్నా. నాది పూచీ."

"నీ పూచీ ఎందుకు తల్లీ, నాకు తెలియదా" అన్నారాయన.

పని మొదలయ్యే రోజుకు ఆమె వేరే ఊళ్ళో పరీక్షలు నిర్వహించడానికి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ అచ్చుల బాబాయికి చీటీ రాసిపెట్టింది. ఆ శాఖలో ముప్ఫయ్యేళ్ళుగా అచ్చులు తీస్తున్న మనిషి ఆయన. పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు. చీటీలో రెండే వాక్యాలు. తొమ్మిదో రాయి జోలికి వెళ్ళొద్దు. దాని మీద నీళ్ళు కూడా పడకూడదు.

అయిదు రోజుల తర్వాత ఉదయం ఆమె తిరిగొచ్చి, సంచీ భుజానుండగానే శాఖ వరండాలోకి వెళ్ళింది. తాడు మీద అచ్చులు ఆరుతున్నాయి, నల్లటి కాగితాల మీద తెల్లటి రాతలు. ఒక్కోటీ చూసుకుంటూ నాలుగో కాగితం దగ్గర ఆగిపోయింది. చివరి వరస ఎంత స్పష్టంగా ఉందంటే, నిన్న చెక్కినట్టుంది. సంవత్సరం. ఆమె వేళ్ళ మీద లెక్కవేసింది. రెండువందల తొంభై ఒక్క ఏళ్ళ కిందటి రాయి. ఆమె వృత్తిలో ఇలాంటి వరస దొరకడం ఏ పదేళ్ళకో ఒకసారి. ఒళ్ళంతా సంతోషం పాకింది. ఆ సంతోషాన్ని ఆమె తర్వాత ఎన్నటికీ క్షమించుకోలేకపోయింది, ఎందుకంటే అది ముందొచ్చింది. ఏ రాయి అన్న ఆలోచన తర్వాతెప్పుడో వచ్చింది.

మెట్ల దగ్గర్నుంచి నాలుగోది. పడమటి కొస నుంచి లెక్కపెడితే తొమ్మిదోది.

"బాబాయ్" అంది. మళ్ళీ పిలిచింది.

అచ్చుల బాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "చూశావా అమ్మా, నాలుగోది ఎంత బాగా వచ్చిందో. జాన వెడల్పున పాచి పట్టుంది, దుంపతెగ, ఒక పూట పట్టింది ఊడగొట్టేసరికి. నువ్వు చెప్పినట్టు తొమ్మిదోదాన్ని మాత్రం ముట్టుకోలేదు. చుక్క నీళ్ళు పడకుండా గోనెపట్టా కూడా కప్పాను."

ఆయన్ని అనడానికేముంది? మెట్ల నుంచి లెక్కపెట్టి జాబితా రాసింది ఆమే. ఆ జాబితాలో నాలుగు అంటే ఏ రాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. కానీ ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో దాని పేరు తొమ్మిదో రాయి. అమ్మ వంటింట్లోంచి కేకేసింది ఆ పేరే, నాన్న కలవరించింది ఆ పేరే. చీటీ రాస్తున్నప్పుడు బుర్ర ఆఫీసులో ఉన్నా, చెయ్యి ఇంటి మాట రాసేసింది.

గుట్టెక్కింది. మెట్ల నుంచి తొమ్మిదో రాయి గోనెపట్టా కప్పుకుని భద్రంగా ఉంది. దాని మీద మొదట్నుంచీ ఏమీ లేదు. నాలుగో రాయి దగ్గరికెళ్ళి నిలబడింది. చుట్టూ ఉన్న రాయి నల్లగా, మధ్యలో మాత్రం కొత్త చర్మంలా తెల్లగా ఒక గుండ్రం. కింద మట్టిలో వేళ్ళతో వెతికింది. బూడిదరంగు పెచ్చు ఒక్కటైనా దొరికితే చాలనుకుంది. నీళ్ళతో పాటు అంతా వాలుకు కొట్టుకుపోయింది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే, చదువు ఎంత పాడుదో చూడండి, మనసులో తీసివేత చేసింది. మూడువందల ఎనభైలో రెండువందల తొంభై ఒకటి పోతే ఎనభై తొమ్మిది. నాన్న లెక్క తప్పు. అయిదూ పదీ కాదు, ఎనభై తొమ్మిదేళ్ళు తప్పు.

మర్నాడే ఆయన కొలత తేదీ.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి తండ్రి కిటికీ పక్కన కూర్చుని ముప్ఫై అయిదో కాగితం కత్తిరిస్తున్నారు. డెబ్భై నాలుగేళ్ళ చేతులు, కత్తెర కాస్త వణుకుతోంది. కాగితం అడుగున ఎప్పటిలాగే తేదీ, వేళ, ఎండ, కొలిచినవారు అని గడులు గీసి ఉన్నాయి.

"వచ్చావా. రేపు నాతో రాగలవా? ఒక పక్క పట్టుకోవాలి. ఈ మధ్య కాగితం జారిపోతోంది" అన్నారు.

ఆమె తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. చివరికి ఉన్నదున్నట్టు చెప్పింది. చీటీ సంగతి, లెక్క సంగతి, గోనెపట్టా సంగతి.

ఆయన కత్తెర కింద పెట్టారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏ బ్రష్షు?"

"నార బ్రష్షు."

"మందేమైనా వాడారా?"

"లేదు. ఉత్త నీళ్ళే."

"ఊడిన పెచ్చులు దాచారా?"

"లేదు నాన్నా. వెతికాను. ఏమీ మిగల్లేదు."

ఆయన తలూపారు. విద్యార్థి చెప్పిన జవాబు విని ఊరుకున్నట్టు ఊరుకున్నారు. ఆమెకది భరించడం కష్టమైంది. తిట్టినా బాగుండేది, చేతిలోది విసిరికొట్టినా బాగుండేది. ఆయన ఒకసారి కిటికీలోంచి బయటికి చూశారు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"నన్ను ఏదో ఒకటి అను నాన్నా" అంది.

"అంటే అతుక్కుంటుందా?" అన్నారు. "సరే, కింద ఏముంది?" అని అడిగారు.

ఆమె భయపడుతున్నది ఆ ప్రశ్నకే. "ఏం కింద?"

"సంవత్సరం. చివరి వరస. నువ్వు చదివే ఉంటావు, చదవకుండా ఉండలేవు. ఎంత?"

అంటూనే సొరుగులోంచి నోటుపుస్తకం తీసి, చివరి పేజీ తెరిచి, ఖాళీ గడి మీద కలం ఆనించారు. ఆమె ఆ చేతినే చూస్తూ నిలబడింది. నాన్నకు పాత లిపి రాదు. ఇప్పుడు మూడువందల డెబ్భై అయిదు అంటే చాలు. ఆయన రాసుకుంటారు, పొంగిపోతారు. రాతిపువ్వు పోయినా లెక్క నిలిచిందన్న తృప్తితో ఉన్న నాలుగేళ్ళూ గడుపుతారు. ఎవరికి నష్టం? నోటి చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఎనిమిదేళ్ళ వయసులో ఆమె ఒకసారి నాన్న అప్పజెప్పిన వానకొలత చూడ్డం మరిచి, పుస్తకంలో నిన్నటి అంకే ఎక్కించింది. ఆరోజు ఆయన కొట్టలేదు, తిట్టలేదు. పుస్తకంలో అబద్ధం ఉంటే ఇక పుస్తకమెందుకు తల్లీ అని మాత్రం అన్నారు. అదే గొంతు, అదే కలం.

"రెండువందల తొంభై ఒకటి" అంది.

ఆయన రాశారు. రాసిన అంకెను చాలాసేపు చూశారు. పక్కన తీసివేత వేసి, పుస్తకం ఆమె వైపు తిప్పారు.

"ఎనభై తొమ్మిదేనా? సరిచూడు."

"ఎనభై తొమ్మిదే నాన్నా."

"అయితే ఇది పెద్దయ్యాక నడిచిన నడకే నేను చూశాను" అన్నారాయన మెల్లగా. "చిన్నప్పుడు పరుగెత్తి ఉంటుంది. వయసు వచ్చాకే నెమ్మదించింది. నేనేమో పుట్టినప్పటి నుంచీ ఇంతేననుకుని వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయాను."

లేచి వెళ్ళి, మంచం కింది ట్రంకుపెట్టె లాగారు. ఆమె సాయం పట్టబోతే వద్దన్నారు. అడుగు నుంచి అట్ట ఊడిన ఒక నోటుపుస్తకం తీశారు. అదే మొట్టమొదటిది. ఆమె ఎన్నడూ చూడలేదు. మూడో పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి చూపించారు.

పేజీ అంతా నాన్న రాత. మార్జిన్‌లో మాత్రం పెన్సిలుతో అమ్మ రాత, గుండ్రంగా, కాస్త వెనక్కి వాలి ఉంది. "లైబ్రరీ గోడ కట్టి తొమ్మిదేళ్ళే. దాని మీది చిన్న రాతిపువ్వులు అప్పుడే రూపాయి బిళ్ళంత ఉన్నాయి. లేతప్పుడు త్వరగా పెరుగుతాయేమో? అవి కూడా కొలిస్తే?" దాని కింద ఎర్రసిరాతో, విద్యార్థుల జవాబు పత్రాల మీద పెట్టినట్టే, నాన్న రాత. "ఆధారం లేదు."

"మీ అమ్మకు అప్పుడు పరిశోధనలో రెండో ఏడు" అన్నారాయన. "నాకంటే చురుకు. అంచు గీత గీసింది అంతా తనే, నా చెయ్యి అప్పుడూ అంత నిలకడ కాదు. ఒక చేత్తో నిన్నెత్తుకుని ఇంకో చేత్తో గీసేది. ఇది రాస్తే నేను ఎర్రసిరా పెట్టాను. మళ్ళీ అడిగింది. ఒక్క రాయి చాలు, గోడలన్నీ కొలుస్తూ కూర్చుంటామా అన్నాను. మూడోసారి అడగలేదు. ఆ ఏడాదే చదువు మానేసి బళ్ళో టీచరుగా చేరింది. పిల్లతో కుదరడం లేదంది. నేను నమ్మాను, అలా నమ్మితే నాకు హాయిగా ఉండేది."

కూతురు నేల మీద కూర్చుంది. తను చేసిన తప్పు మోసుకుని ఈ ఇంటికి వచ్చింది. దాన్ని దించుకోవడానికి ఇక్కడ చోటే లేదు. అంతకంటే పాతది, పెద్దది అప్పటికే ఇంటినిండా పరుచుకుని ఉంది.

"లైబ్రరీ గోడ ఉందిగా నాన్నా. ఇప్పుడైనా వెళ్ళి…"

"ఏటేటా సున్నం కొడుతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను." పుస్తకం మూశారు. "నువ్వు తప్పు చేశావు, వచ్చి నాతో చెప్పుకున్నావు. వినడానికి నేనున్నాను. నేనెవరితో చెప్పుకోను తల్లీ?"

ఆ రోజు ఇద్దరూ సరిగ్గా భోంచెయ్యలేదు. ఆమె రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో మరిచిపోయి తిరిగొచ్చింది.

మర్నాడు సాయంత్రం ఎప్పటి వేళకే ఆయన చెప్పులు వేసుకున్నారు. కాగితం, కలం, నోటుపుస్తకం సంచీలో పెట్టుకున్నారు. ఆమె కూడా బయల్దేరింది. మెట్లెక్కుతుంటే చీమలావిడ ఎదురై, "ఈసారి ఎంత పెరిగింది మేష్టారూ?" అని ఏటా వేసే హాస్యమే వేసింది. ఆయన నవ్వి, "మీ చీమలంత" అన్నారు. ఆవిడ నవ్వుకుంటూ దిగిపోయింది.

పడమటి ఎండ రాయి మీద పడుతోంది. ఆయన ఆ తెల్లటి గుండ్రం మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు. తర్వాత కాగితం పరిచి, "ఆ పక్క పట్టుకో" అన్నారు. ఆమె పట్టుకుంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఇరవై మూడేళ్ళు అది అమ్మ నిలబడిన చోటు. గాలికి కాగితం రెపరెపలాడింది. దాని కిందనుంచి అక్షరాలు కనిపిస్తున్నాయి.

"సంవత్సరం ఏది?"

ఆమె వేలితో చూపించింది. ఆయనకు రాని లిపి. చిన్నపిల్లలు దిద్దుకున్నట్టు ఒక్కో వంపు దగ్గరా ఆగి, ఆ వరస మొత్తం కాగితం మీదికి దింపారు. కొలత వేసే చోట సున్నా పెట్టారు. కింద తేదీ వేశారు, వేళ వేశారు, ఎండ బాగుంది అని రాశారు.

"కొలిచినవారు" అన్న గడి దగ్గర కలం ఆగింది. ముప్ఫై నాలుగు కాగితాల మీదా అక్కడ ఒకటే పేరుంది, ఆయనది. అమ్మ గీసిన ఇరవై మూడింటి మీద కూడా ఆయనదే.

ఆయన అక్కడ అమ్మ పేరు రాశారు, పుట్టింటి ఇంటిపేరుతో సహా, ఆవిడ పరిశోధనలో చేరిన రోజున రాసుకున్నట్టు. రాసి, సిరా ఆరేదాకా కాగితాన్ని గాలికెదురుగా పట్టుకుని నిలబడ్డారు. కూతురు రెండో పక్క వదల్లేదు.